నూరు లెక్కయ్యేదాకా

ఆ ఉదయం పాపకు పాలు పడుతూనే ఆ పిల్లతల్లి రోజంతటినీ మనసులో సర్దిపెట్టుకుంది. కుట్టు కార్ఖానాలో చేరి నేటికి సరిగ్గా ఆరు నెలలు. ఉద్యోగం ఖాయం చేస్తూ సాయంత్రంలోగా మేనేజరు సంతకం పెడితే, కార్ఖానాలోని పిల్లల గదిలో పాపకు చోటు దొరుకుతుంది. పెట్టకపోతే ఉద్యోగమే ఉండదు. అత్తగారు ముందే చెప్పేసింది: "ఈ నెలాఖరు దాకేనమ్మా నేను చూసేది. పాకడం మొదలెట్టాక నీ కూతురి వెనకాల పరిగెత్తే ఓపిక నాకు లేదు."

అందుకని ఇవాళ ఎవరి కంటా పడకుండా తలవంచుకుని పనిచేసుకోవాలి. మధ్యలో ఒక్క చిన్న పని, నడుం సంగతి. పాపకు టీకా వేయించడానికి వెళ్తే నర్సు పాపను వదిలేసి తల్లిని పట్టుకుంది. "పొద్దస్తమానం మిషను ముందు కూర్చుంటే నడుం పట్టేయదా మరి? వ్యాయామానికి వేరే టైము నీకెక్కడ దొరుకుతుంది? పనిచేసే చోటే లేచి నిలబడు. కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, పిడికిళ్ళు మూస్తూ తెరుస్తూ ఊపిరికొకటి చొప్పున నూరు లెక్కపెట్టు. మధ్యలో మాత్రం ఆపకు."

ఆపితే ఏమవుతుందో నర్సు చెప్పలేదు. అదే ఆమెను మరీ భయపెట్టింది.

పది గంటలకు సూపర్‌వైజరు టీకి వెళ్ళాడు. మిషన్ల మోతకని చెవుల్లో పెట్టుకున్న దూది సర్దుకుని ఆమె లేచి నిలబడింది. కళ్ళు మూసింది. చేతులెత్తింది. ఒకటి, రెండు...

పక్కనే కాలర్లు కుడుతున్న పెద్దక్క ఉలిక్కిపడింది. హాల్లో అందరూ పిల్లతల్లి అని పిలిచే ఈ మనిషి ఈ ఆరు నెలల్లో గట్టిగా తుమ్మిన పాపాన పోలేదు. అలాంటిది పిడికిళ్ళెత్తి నిలబడింది!

"ఏమైందే?" అని అడిగింది. పిల్లతల్లి పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏంటక్కా గొడవ?" అంది వెనక బొత్తాలు కుట్టే ఆవిడ.

"ఏమో, గట్టి సంగతే అయ్యుంటుంది. నోట్లో నాలుక లేనిదే లేచి నిలబడితే మనం కూర్చుని చూస్తామా? లెండి!"

పెద్దక్క లేచింది. ఆమె వరస లేచింది. ఆ వెనక వరస లేచింది. నలభై మిషన్లు ఆగిపోయాయి. ముందున్నదాన్ని చూసి అందరూ పిడికిళ్ళు మూస్తూ తెరుస్తూ నిలబడ్డారు.

సూపర్‌వైజరు టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? రేపు పొద్దున సరుకు లారీ ఎక్కాలి! ఏమ్మా, నీతోనే!" పిల్లతల్లి అప్పటికి నలభై ఒకటిలో ఉంది. అతను గాజుగదిలోకి దూరి మేనేజరుని వెంటబెట్టుకొచ్చాడు.

"కూర్చోండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం. ఏం కావాలి మీకు?"

ఏం కావాలో ఎవరికీ తెలియదు. అయినా అంతటివాడు అడిగాక ఊరుకోవడం ఏం బాగుంటుంది?

"ఫ్యాను," అంది పెద్దక్క. "మా వరస మీద ఫ్యాను తిరిగి ఎన్నాళ్ళయింది?"

"సరే, బాగుచేయిస్తా. ఇక కూర్చోండి."

అందరూ పిల్లతల్లి వైపు చూశారు. ఆమె కూర్చోలేదు.

"చూశారా, చాలదంటోంది. మరుగుదొడ్డి తలుపుకి గడియ."

"పెట్టిస్తా!"

ఎనభై మూడు దగ్గర, ఎప్పుడూ మిషన్ల ధాటికి అదిరే నేల కాలి కింద అదరడం లేదనిపించి, పిల్లతల్లి కళ్ళు తెరిచింది. ఎదురుగా మేనేజరు! సంతకం, పిల్లల గది, పాప, అన్నీ ఒక్కసారి కళ్ళముందు గిర్రున తిరిగాయి. కూర్చుందామంటే మధ్యలో ఆపకన్న నర్సు మాట అడ్డొచ్చింది. భయానికి నోరు దానంతటదే లెక్కపెట్టుకుపోతోంది. ఆ రెప్పవేయని చూపుకు మేనేజరుకు చెమటలు పట్టాయి.

"సరేనమ్మా! అందరికీ వీపు ఆనించుకునే కుర్చీలు! ఇక నావల్ల కాదు!"

నూరు. పిల్లతల్లి కూలబడింది. నలభైమందీ కూర్చున్నారు. మిషన్లు మళ్ళీ మోగాయి.

పెద్దక్క ఆమె చెవిలోని దూది లాగి, "అమ్మో, ఎంత గట్టిదానివే!" అంది.

"ఏమైందక్కా?"

"ఇంకా నటించకు!"

మధ్యాహ్నం గాజుగది నుంచి పిలుపొచ్చింది. ఆమె గుమ్మంలోనే ఏడ్చేసింది. "నేనేం అడగలేదు సార్! నడుం నొప్పికి నర్సమ్మ నూరు లెక్కపెట్టమంది. మధ్యలో ఆపొద్దంది."

"మరి కుర్చీలు?"

"తెలీదు సార్. చెవుల్లో దూది."

మేనేజరు తల పట్టుకుని, "ఈ అమ్మాయిని పంపించేస్తే?" అన్నాడు.

"మళ్ళీ లేస్తారు సార్," అన్నాడు పక్కనే నిలబడ్డ సూపర్‌వైజరు. "ఈసారి ఎవరు ఎంతదాకా లెక్కపెడతారో తెలీదు. అదీకాక, ఒళ్ళు విరుచుకున్నాక ఎప్పటికన్నా ఇరవై చొక్కాలు ఎక్కువే కుట్టారు."

మేనేజరు కాసేపు గాజులోంచి హాలు వైపు చూశాడు. కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. "రోజూ పదింటికీ మూడింటికీ నువ్వే అందర్నీ లేపు. ఎలాగూ లేస్తారు, నేను చెప్తే లేచినట్టయినా ఉంటుంది."

ఆమె కాగితాన్ని పాపను ఎత్తుకున్నట్టే గుండెకు హత్తుకుని తలుపు దాకా వెళ్ళింది.

"అమ్మాయ్," అని వెనక్కి పిలిచాడు మేనేజరు. "రేపటినుంచి పైకి లెక్కపెట్టు. తొంభై దాటావని తెలిసుంటే కుర్చీల మాట ఎత్తేవాణ్ణే కాదు."