తుడిచిన బల్ల

ఆ ఉదయం డిప్యూటీ మేనేజరు వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి మేనేజరు పోస్టుకి ఇంటర్వ్యూ. ఆలోపు తన బల్ల శుభ్రం చెయ్యాలి.

"మేనేజరు కాబోయే మనిషి బల్లేనా అది? చెత్తబుట్టకి పెద్దన్నలా ఉంది" అంది భార్య, కాలరు సర్దుతూ. "ఈసారీ తప్పిపోతే, మీరు పని నేర్పిన ఆ బక్కోడికే రేపట్నుంచి దండం పెట్టాలి."

ఆ మాట దారి పొడవునా చెప్పులో రాయిలా గుచ్చింది.

అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో బల్ల తుడవడం ఒకే ఒక్క సందర్భంలో జరుగుతుంది: ఉద్యోగం మానేసి వెళ్ళేటప్పుడు. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ ఆత్రంలో ఉన్న మనిషికి తెలిసినవేవీ గుర్తుండవు. పగిలిన కప్పు, ఎండిపోయిన జిగురు సీసా, పిల్లల ఫోటో, అన్నీ ఓ పెట్టెలోకి దించాడు.

స్టోర్‌కీపరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయ్యో గురువుగారూ! ఉన్నట్టుండి ఇదేంటి?"

"ఎప్పుడో చెయ్యాల్సిందిలే."

టీ చల్లారేలోపు కబురు ఆఫీసంతా తిరిగొచ్చింది. అకౌంట్స్ అక్కయ్య కళ్ళొత్తుకుంటూ వచ్చింది.

"ఎక్కడున్నా మమ్మల్ని మర్చిపోకు తమ్ముడూ."

"నేనెక్కడికీ వెళ్ళట్లేదక్కా!"

"సర్లే, చెప్పొద్దన్నారేమో. నేనడగను."

బక్కోడు అప్పటికే అతని కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచూసుకుంటున్నాడు.

'కాదు' అన్న ప్రతిసారీ డిప్యూటీకి తన గొంతే అబద్ధంలా వినిపించింది. ఖాళీ బల్లను చూస్తుంటే, నిజంగానే వెళ్ళిపోయేవాడెవడో తనలోంచి లేచి చొక్కా దులుపుకుంటున్నట్టు అనిపించింది.

ఇంటర్వ్యూ వేళ కాకముందే యజమాని పిలిచి తలుపు వేశాడు.

"అవతలి ఫ్యాక్టరీ వాళ్ళేనా?"

"మీ మీద ఒట్టు సార్, ఎవరూ లేరు."

"ఒట్టు దాకా వచ్చావంటే గట్టివాళ్ళే."

"బల్ల తుడుచుకున్నానంతే సార్!"

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తుడిచావా?"

యజమాని కిటికీ వైపు తిరిగాడు. అంతలోనే డిప్యూటీ బక్కోణ్ణి మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టి, మనసులోనే వాడికి దండం కూడా పెట్టేశాడు.

"ఇంటర్వ్యూ లేదు" అన్నాడు యజమాని. డిప్యూటీ తలుపు వైపు తిరిగాడు. "పోస్టు నీదే. వెళ్ళి ఆ పెట్టె విప్పు."

మర్నాడు కొత్త మేనేజరు ఇస్త్రీ చొక్కాతో హుందాగా వచ్చి, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. అక్కయ్య బల్ల అద్దంలా మెరుస్తోంది. స్టోర్‌కీపరు గోడ మీది కేలండరు చుడుతున్నాడు. బక్కోడు పెట్టెకి తాడు బిగిస్తూ, "ఏం లేదు సార్, ఊరికే సర్దుకుంటున్నా" అని నిట్టూర్చాడు. ప్రతి కుర్చీ పక్కనా ఒక పెట్టె, అన్నీ ఫ్యాక్టరీవే.

లోపలి గదిలోంచి యజమాని కేక వినిపించింది. "వీళ్ళలో ఒక్కరు పోయినా బాధ్యత నీదే!"

కొత్త మేనేజరు తన మొదటి ఉత్తర్వు జారీ చేశాడు: ఇకపై అనుమతి లేకుండా ఎవరూ బల్ల తుడవరాదు.