రాకెట్టు ఆగింది, గుంతలు ఆగలేదు

రాకెట్ ప్రయోగం వాయిదా పడటమంత శుభవార్త ఈ దేశంలో ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. మీరు నవ్వినా సరే, మాట మార్చను. ఎడమకాలికి కట్టుతో మంచం మీద పడుకుని మరీ రాస్తున్నాను కాబట్టి నా మాటకు కాస్త విలువ ఇవ్వండి.

ప్రజాధనం తగలేస్తున్నారని దిల్‌సుఖ్‌నగర్ టీకొట్ల దగ్గర చాలామంది గొణుగుతున్నారు. అంత డబ్బు పోసి మనుషుల్ని ఆకాశంలోకి పంపే బదులు, మూసారాంబాగ్‌లో వానపడితే నీళ్లు నిలవకుండా చూడొచ్చు కదా అంటారు. ఎంత సంకుచితమైన ఆలోచన! నీళ్లు ఏటా వస్తాయి. మనుషులెక్కిన రాకెట్ ఏటా వస్తుందా?

పైగా ఒక్క వాయిదాతో ఎంతమందికి పని దొరుకుతోందో చూడండి. టీవీలో ఒకాయన తప్పంతా గత ప్రభుత్వానిదే అంటాడు. ఇంకొకాయన రాకెట్ గత ప్రభుత్వానిది, వాయిదా మాత్రం ఈ ప్రభుత్వానిది అంటాడు. అది కాస్తా ఎగిరిపోతే పాపం వీళ్లంతా సాయంత్రాలు ఏం చేసుకోవాలి?

ఇక మా సంగతి. మాది మన్సూరాబాద్‌లో ఒక చిన్న కాలనీ. సంక్షేమ సంఘానికి కమలాకర్ అధ్యక్షుడు. ఒకప్పుడు కాలనీ మొత్తం వాళ్ల తాతల జొన్నచేను కాబట్టి ఆయన్ను ఎన్నుకోవాల్సిన అవసరం రాలేదు. నేను కార్యదర్శిని. నాకు చేను లేదు గానీ చేతిరాత బాగుంటుంది.

మన రాకెట్‌లో మనుషులు వెళ్తున్నారని తెలియగానే, శాస్త్రవేత్తలను అభినందిస్తూ గేటు ముందు ఆర్చి కట్టాలన్నాడు కమలాకర్. శాస్త్రవేత్తలు మా సందులోకి ఎందుకొస్తారని నేను అడగలేదు. ఫ్లెక్సీలో నా ఫోటో కూడా ఉంటుందని అప్పటికే చెప్పాడు మరి. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింట్ చేయించాం. మధ్యలో కమలాకర్, అటూ ఇటూ ఆయన బామ్మర్దులు, పైన ఆయనకు కార్పొరేటర్ టికెట్ ఇప్పించగల పెద్దలు, చిట్టచివర నేను. రాకెట్ నా చెవి పక్కన అగరొత్తంత ఉంది.

కర్రలు పాతడానికి రోడ్డు తవ్వించి గుంతలు తీయించాం. మర్నాడే ప్రయోగం వాయిదా! ఏదో వాల్వులో రవ్వంత లీకట. ముందే కడితే గాలికి చిరుగుతుందని ఫ్లెక్సీని గోడకు ఆనించి, పాత తేదీ మీద కొత్త తేదీ స్టిక్కర్ అంటించాం. ఆ తేదీకి తుపాను గాలులొచ్చాయి. ఇంకో స్టిక్కర్ అంటించాం. గుంతల జోలికి మాత్రం పోలేదు. పూడ్చి మళ్లీ తవ్వితే అది ప్రజాధనం వృథా కాదా?

గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న సుమిత్రమ్మ ఒకరోజు నా చొక్కా మడతపెడుతూ అంది.

"సారూ, గా గుంతలు జర పూడ్పియ్యుండ్రి. మా మనవరాలు సాయిప్రియ బడికి గిట్లనే పోతది. వాన పడితే రోడ్డేదో గుంతేదో ఎరుకైతలేదు."

"రాకెట్ ఎగరగానే పూడ్పిస్తాం సుమిత్రమ్మా. దేశం కోసం ఆమాత్రం ఓర్చుకోలేమా?" అన్నాను.

ఆమె దేశం జోలికి రాలేదు. వేపకొమ్మలు విరుచుకొచ్చి గుంతకొకటి గుచ్చింది. కొమ్మ కనబడితే కింద గుంత ఉన్నట్టు. మా సందు మొత్తానికి ఉన్న భద్రతా విభాగం అదే.

ప్రయోగం రోజు పొద్దున్నే కమలాకర్ ఫోన్ చేశాడు. "రావు సాబ్, ఇయ్యాల పక్కా ఎగురుతదట. కట్టేముందు ఫ్లెక్సీ ఫోటో తీసి గ్రూపుల వెయ్యి."

వెళ్లి ఫోన్ ఎత్తిపట్టానో లేదో, ఒక వేపకొమ్మ సరిగ్గా కమలాకర్ ముఖానికి అడ్డమొచ్చింది. పీకేశాను. ఒక్కటి పీకితే చూడటానికి బాగుండదని మిగతావీ పీకేశాను. అన్ని ముఖాలూ ఫ్రేములో పట్టాలంటే వెనక్కి జరగాలి. ముఖాలు చాలానే ఉన్నాయి, అంచేత చాలానే జరిగాను. నేనెంత జరిగినా రాకెట్ మాత్రం ఫ్రేములోకి రాలేదు, నేను గుంతలోకి వెళ్లాను.

ఎల్బీనగర్‌లో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక కమలాకర్ పరామర్శకు వచ్చాడు. "పరేషాన్ గాకు రావు సాబ్. నువ్వు పడ్డవ్ కదా, ఇగ ఆడ గుంతలున్నయని అందరికీ ఎరుకైంది" అని ధైర్యం చెప్పి వెళ్లాడు. వాటిని పూడ్పించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆరోజు కూడా ప్రయోగం వాయిదా పడింది మరి. కొత్త స్టిక్కర్ రాయాల్సింది నేనే.

సాయంత్రం ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి సుమిత్రమ్మ వచ్చింది. వెంట సాయిప్రియ. పిల్ల స్కూలు గౌను నడుము దాకా బురదే. ఏమైందని అడగాల్సిన పనిలేదు. పొద్దున నేను పీకేసిన వేపకొమ్మలు గుర్తొచ్చాయి. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీవీ వైపు తిప్పుకున్నాను.

ఆమె కూడా టీవీ చూసింది. "ఎగురలేదా సారూ?"

"లేదమ్మా. రాకెట్ ముక్కలు పడే చోటికి సముద్రంలో ఒక పడవ వచ్చిందట. ఆఖరి నిమిషంలో ఆపేశారు."

"పడవల మంత్రులున్నరా?"

"కాదు. చేపలు పట్టుకునేవాళ్లు."

"గాళ్ల కోసం గంత రాకెట్ ఆపిన్రా?"

"ఆపారు."

సుమిత్రమ్మ కొంగుతో పిల్ల కాళ్ల మీద బురద తుడిచింది.

"అయితే మా సందుల గూడ ఒక రాకెట్ పెట్టిపియ్యుండ్రి సారూ" అంది.