నాలుగు గళ్ళలో పసుపు రుమాలు

పిల్లలు బొమ్మల కథలు గీసి ఊరిని బాగుచేయడానికి పూనుకోవడం మహా గొప్ప విషయం. కాదన్నవాళ్ళతో నేను వాదనకు సిద్ధం. ఆ గొప్పతనం వచ్చి నేరుగా నా నెత్తినే పడింది కాబట్టి, నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మా ఊరు శాంటా రోమానాలో చర్చి యువజన సంఘం పిల్లలు పదిమంది ఈ వేసవిలో కామిక్స్ గీయడం నేర్చుకున్నారు. ఒక కాగితం, నాలుగు గళ్ళు, ఒక కథ. జిరాక్స్ తీయించి చేపల మార్కెట్ గోడకీ, జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండ్లు ఆగే షెడ్డుకీ, చర్చి నోటీసు బోర్డుకీ అంటిస్తారు. ఎవరి పేరూ రాయరు. రాయక్కర్లేదు.

మొదటి కామిక్‌లో ఒకావిడ చేపతో పాటు తన బొటనవేలు కూడా తూచి అమ్మింది. మర్నాటికల్లా మార్కెట్లో తక్కెడల దగ్గర వేళ్ళన్నీ వెనక్కి తగ్గాయి. రెండో దాంట్లో ఒక కౌన్సిలర్ వాగు శుభ్రత మీద ఉపన్యాసమిచ్చి, తాగిన నీళ్ళ సీసా అదే వాగులో పడేశాడు. వారం తిరక్కుండా మా కౌన్సిలర్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫొటో తీయించుకున్నాడు. సీసాలు మాత్రం పిల్లలే ఏరారు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి వారపత్రికలో కాలమ్ రాస్తున్నాను. నా దెబ్బకు ఒక్క బొటనవేలూ కదల్లేదు. అయినా నాకు పిల్లల మీద అసూయ లేదు. ఉంటే గింటే కొంచెం.

ఇక మూడో కామిక్. రాత్రి డ్యూటీ చేసే నర్సు ఒకామె మధ్యాహ్నం పడుకోబోతుంది. పక్కింట్లోంచి కరోకే పాట మొదలవుతుంది. రెండో గడిలో ఆమె తల మీద దిండు, దిండు మీద ఇంకో దిండు. మూడో గడి నిండా ఒక తెరిచిన నోరు, పసుపు రుమాలు చుట్టిన మైకు. నాలుగో గడిలో ఆస్పత్రి. నర్సు కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతిలో మాత్ర, ఆ చెయ్యి వేరే రోగి మంచం వైపు సాగుతోంది.

షెడ్డు దగ్గర నిలబడి చూసి నేను చలించిపోయాను. ఇంటికి వెళ్ళి ఆ వారం కాలమ్ మొత్తం దాని మీదే రాశాను. “ఎవరీ నోరు? పొరుగువాళ్ళ నిద్రను మింగే ఈ మనిషికి సిగ్గనేది ఉందా? అతని ఇంటి ముందు ఊరంతా వెళ్ళి నిలబడాలి” అని పిలుపిచ్చాను. రాయడం బాగా కుదిరింది. ఆ సంతోషంలో నాలుగు పాటలు పాడుకున్నాను.

పత్రిక వచ్చిన రోజు ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వింది. ఇన్నాళ్ళకు అభిమానులు పుట్టుకొచ్చారనుకున్నాను. రొట్టెల కోసం వెళితే కొట్టు నడిపే లుస్వి పత్రిక మడిచి పక్కన పెట్టింది.

“తెయో అన్నా, నీ గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి.”

“ఎందుకమ్మా?”

“తన్ను తాను ఇంతలా తిట్టుకున్నోణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.”

“నేనెక్కడ తిట్టుకున్నాను?”

నాకు నిజంగానే తెలియదని ఆమెకు అప్పుడర్థమైంది. “అన్నా, ఈ ఊళ్ళో మైకుకి పసుపు రుమాలు చుట్టేది ఎంతమందంటావ్?”

నేను లెక్కపెట్టాను. ఒక్కడి దగ్గర లెక్క ఆగిపోయింది. రొట్టెలు అక్కడే మరిచి వచ్చేశాను.

మా గోడకి ఆనుకున్న ఇల్లు రోవెనాది. నర్సు. కూతురు జాయ్‌లిన్‌కి పదిహేనేళ్ళు, బొమ్మలు బాగా వేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవన్నీ కలిపి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

తలుపు తట్టాను. జాయ్‌లిన్ తీసి, పెదాల మీద వేలు పెట్టింది. లోపల తల్లి నిద్రపోతోంది. గడపలోనే నిలబడి గుసగుసగా అడిగాను.

“పక్కనే ఉంటున్నాను కదమ్మా. వచ్చి ఒక మాట చెప్పకూడదూ?”

“మూడుసార్లొచ్చా తాతయ్యా. మొదటిసారి మీరు మైకులోంచే ‘దా తల్లీ, నువ్వూ ఒకటి పాడు’ అన్నారు.”

“రెండోసారి?”

“నిజంగానే పాడించారు. పాడాక ఇంక ఏం మొహం పెట్టుకుని చెప్పను?”

“మూడోసారి?”

“పాటకి మిషన్ మీకు తొంభై ఎనిమిది మార్కులిచ్చిందని చప్పట్లు కొట్టమన్నారు.”

కొట్టిన సంగతి నాకు గుర్తుంది. గట్టిగానే కొట్టింది.

“ఆ మాత్ర సంగతి... కథ కోసం వేసిందే కదా?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “తోటి నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. లేకపోతే పక్క మంచమాయన మింగేసేవాడు. ఇంటికొచ్చి అమ్మ చాలాసేపు ఏడ్చింది. మీ మీద కోపంతో కాదు తాతయ్యా, తన మీదే.”

మాటలమ్ముకు బతికేవాణ్ణి. “అమ్మకి చెప్పు, ఇంక వినపడదని” అని మాత్రం అని వచ్చేశాను.

కరోకే మిషన్‌ని ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డున మా బావమరిది పడవల షెడ్డుకి చేర్చాను. ఇప్పుడు నా శ్రోతలు కొంగలు. అవి మొదటి చరణంలోనే లేచిపోతాయి, నర్సుకి ఆ వీలు కూడా లేకపోయింది.

అంతటితో ఆగానా? పిల్లల ఉద్యమానికి నా కలం కూడా ఇద్దామని నాలుగు గళ్ళ కామిక్‌కి నాలుగు పేజీల కథ రాసుకెళ్ళాను. జాయ్‌లిన్ ఓపిగ్గా చదివింది.

“బాగుంది తాతయ్యా. మాటలు కొన్ని తీసేస్తే గళ్ళలో పట్టేస్తుంది.”

“ఏ మాటలు?”

ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచి తిరగేసింది. “అన్నీ.”

అవమానంతో ఇంటికొచ్చి, ఓదార్పు కోసం నా పాత కాలమ్‌లు అంటించుకున్న పుస్తకం తీశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదా, శ్రద్ధగా చదివాను. శబ్ద కాలుష్యం మీద ఏడు వ్యాసాలు. గొప్పగా ఉన్నాయి. అందులో రెండు, మైకు ఒళ్ళో పెట్టుకుని పాటకీ పాటకీ మధ్య రాసినవి.

చదివినవాళ్ళెవరూ మారడం లేదని ఇరవై రెండేళ్ళు పాఠకుల్ని తిట్టుకున్నాను. వాళ్ళ సంగతి నాకు తెలియదు. నా వ్యాసాలు అందరికంటే ముందు చదివేవాడు మాత్రం ఉత్త మొండి ఘటం.