ఛాంపియన్‌ను ఓడించిన నేరం

బంతి గోల్‌లో పడినంత మాత్రాన గెలిచినట్టు కాదని, అది ప్రాథమిక సమాచారం మాత్రమేనని, 1963లో మన జిల్లా కాలేజీల ఫుట్‌బాల్ స్థాననిర్ణయ సంఘం కనిపెట్టింది. అంతవరకూ లోకం గోల్సు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, పాపం.

ఆ ఏడు రేవు కాలేజీ కుర్రాళ్ళు అన్ని జట్లనూ ఓడించారు. టౌను కాలేజీనైతే మూడు గోల్సు తేడాతో మట్టి కరిపించారు. కాప్టెన్ అల్లావుద్దీన్‌కు కాలేజీలో అదే ఆఖరు సంవత్సరం. ఛాంపియన్ జట్టు కాప్టెన్‌కు రైల్వేలో ఉద్యోగం ఇస్తామని ఆ శాఖ పెద్దలు ముందే ప్రకటించి ఉన్నారు. కొడుకు రైల్వేలో చేరుతున్నాడని తల్లి చాంద్‌బీ వీధంతా చెప్పుకొచ్చింది.

ఫలితాలు వచ్చాయి. ఛాంపియన్ టౌను కాలేజీ. రేవు కాలేజీది రెండో స్థానం.

అల్లావుద్దీన్ సంఘం కార్యదర్శి, లెక్కల లెక్చరర్ విజయభాస్కర్ గారి దగ్గరికి పరుగెత్తాడు. (టౌను కాప్టెన్ ఆయన మేనల్లుడు. లెక్కకు బంధుత్వాలు తెలియవు, లెక్క వేసేవాడికి తెలిస్తే చాలు.) ఆయన ఓపికగా వివరించాడు. బలమైన జట్టును గెలిస్తేనే మార్కులు. బలమైన జట్టు చేతిలో ఓడినా మార్కులే, తలపడే ధైర్యం చేసినందుకు; ఎన్ని ఎక్కువ గోల్సు తేడాతో ఓడితే అన్ని ఎక్కువ మార్కులు.

"వాళ్ళని ఓడించింది మేమే గదా సార్?"

"అదే గదయ్యా మీరు చేసిన తప్పు. నిక్షేపంలాంటి జట్టుని ఓడగొట్టి బలహీనం చేసేసినారు. బలహీనుల్ని గెలిస్తే ఏం మార్కులొస్తాయి?"

"అయితే మేం ఓడిపోయుండాల్నా?"

"ఓడిపోతే వాళ్ళే గెలిచినట్టు గదా. దానికి లెక్కెందుకు?"

పోనీ ఇంకోసారి ఆడించమని బతిమాలాడు. కార్యదర్శి జాలిగా చూశాడు. ఆటలు ఆడేకొద్దీ లెక్క చెడుతోందని, వచ్చే ఏటి నుంచి ఆటలే తగ్గించాలని సంఘం ఆలోచిస్తోందని చెప్పాడు.

కప్పు ఇచ్చే రోజున అల్లావుద్దీన్‌నూ వేదిక ఎక్కించారు. మేనల్లుడి చేతిలో కప్పు, జేబులో రైల్వే ఉత్తర్వు. కార్యదర్శి మైకు ముందుకొచ్చి, ఇంత గట్టి జట్టు చేతిలో ఓడే అవకాశం దొరక్కపోతే టౌను కాలేజీ ఛాంపియన్ అయ్యేది కాదని ఒప్పుకున్నాడు. సభ మెచ్చుకుంది. ఆయన అల్లావుద్దీన్ భుజం తట్టి, గొంతు తగ్గించి అడిగాడు:

"మావాడి తమ్ముడు కూడా టౌను కాలేజీ జట్టులో చేరినాడు. మీ జూనియర్లకి కాస్త చెప్పిపో అబ్బాయ్, వచ్చే ఏడు కనీసం నాలుగు గోల్సన్నా కొట్టమని."