రాగిముసుగుకు కట్టిన ముడుపు

దాలమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మిల్లు గేటు దగ్గర మొగుడి పేరు పిలిచే వేళకు మొగుడు అక్కడ లేకపోవడం. చంటిది మంచం మీంచి దొర్లిపోతుందేమో, చూరులో తేలు ఉందేమో, పొయ్యి సరిగా ఆర్పానో లేదో అన్నవి రోజూ ఉండేవే, వాటికి ఆమె అలవాటు పడిపోయింది. ఇది మాత్రం నాలుగేళ్ళ నుంచి పెరిగిన భయం.

ఎర్రన్న పని చేసేది నెల్లిమర్లలో ఉన్న పెద్ద మిల్లులో కాదు. రామతీర్థం దారిలో, పురికొసలు పేనే ఒక చిన్న మిల్లులో బదిలీ కూలీ. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. లోపలి మనిషి ఎవరైనా రాకపోతే ఆ రోజుకు పని, అందరూ వస్తే తిన్నగా ఇంటికి. అలాంటివాళ్ళు ఇరవై ముగ్గురు, అందరిదీ ఒకే ఊరు. వాళ్ళలో ఐదుగురిని పర్మినెంటు చేస్తానని, శనివారం పది గంటలకు తానే వచ్చి పేర్లు పిలుస్తానని యజమాని చంద్రశేఖరంగారు చాటించారు. పిలిచినప్పుడు పలకనివాడి పేరు కొట్టేసి కిందివాణ్ని పిలుస్తారు. ఎర్రన్న పేరు మూడోదని గుమాస్తా ముందే చెవిలో వేశాడు.

ఆ శనివారం ఆరింటికే దాలమ్మ మొగుణ్ని గుమ్మం దాటించింది.

"పదింటికి కదే! ఇప్పుడే ఎల్లి ఏటి సేస్తాను?" అన్నాడు ఎర్రన్న, అంబలి ముంత దించుతూ.

"నిల్సుండు. కూకోకు, నిద్దరొస్తాది. ఎవులు పిలిసినా ఎల్లకు. బీడీకి కూడా ఎల్లకు."

"పిడుగు పడితే?"

"పడనీ. పేరు పిలిసీదాకా కదలకు."

అతను వెళ్ళాక ఆమెకు కొంచెం ఊపిరాడింది. తోటకూర ముందేసుకుని అరుగు మీద కూర్చుంది. అప్పటికే అత్త లక్ష్మీనరసమ్మ వారపత్రిక పట్టుకుని సిద్ధంగా ఉంది. గురువారం, అక్కడి మాటలో లక్ష్మీవారం, వచ్చే ఆ పత్రికను బడిపంతులుగారి ఇంట్లో చదివేశాక శనివారం వీళ్ళకిచ్చేవారు. దాలమ్మను ఐదో తరగతిలోనే బడి మాన్పించారు గానీ, కూడబలుక్కుని చదవగలదు. లక్ష్మీనరసమ్మకు అక్షరం రాదు. అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. చివరి రెండు పేజీల్లో వచ్చే 'రాగిముసుగు' బొమ్మలకథ ఆమెకు ప్రాణం.

రాగిముసుగు అనేవాడు కొండల్లో ఉంటాడు. మొహం ఎవరూ చూడలేదు. కూలివాళ్ళ తిండి కాజేసిన షావుకార్లను తెల్లారేసరికి వాళ్ళ గాదె గుంజకే కట్టేసి పోతాడు. పక్కింటి తవిటమ్మ కూడా వినడానికి వచ్చేది గానీ, ఆమె మనసు గుడారం సినిమాలో చూసిన ఎగిరే వీరుడి మీదే ఉండేది.

"మావోడైతే ఆకాశంలో ఎగిరిపోతాడప్పా. బాణం తగిల్నా సొట్ట పడదు," అంది తవిటమ్మ.

"సొట్ట పడనోడు రాతిబండ అవుతాడు గానీ ఈరుడేటే?" అంది లక్ష్మీనరసమ్మ. "ఎగిరినోడికి పడతానన్న బయం నేదు. బయం నేనోడికి దైర్నం ఎక్కడినుంచొస్తాది? నా రాగిముసుగుని సూడు. దెబ్బ తగిల్తే రగతం వస్తాది. మూడోరం కాలు బెణికితే కుంటుకుంటూనే ఎల్లేడు."

"మరి ఆ ముసుగు ఎప్పుడూ తళతళా ఉంటాదేటి? అబద్దం కాపోతే!"

"నాను ఎప్పుడో కనిపెట్టేను. సింతపండెట్టి తోమీ మనిసి ఇంటికాడ ఉన్నాది. ఆడికి పెళ్ళయిపోనాది. మనకి సెప్పట్నేదు."

దాలమ్మకు ఏ వీరుడూ నచ్చేవాడు కాదు. అందరూ ఎత్తయిన చోట్ల నిలబడతారు. సినిమాకు ముందు వేసిన కదిలే బొమ్మల్లో ఒక పిల్లి మీద రోలు పడి, అప్పడంలా అయిపోయి, మళ్ళీ లేచి నడిచింది. డేరా అంతా నవ్వింది. దాలమ్మ మాత్రం ఇంటికి రాగానే రోలును గోడ మూలకు దొర్లించి, చంటిదాన్ని రెండు రోజులు ఆ గదిలోకి పోనివ్వలేదు.

ఆ వారం కథలో రాగిముసుగు కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. దొంగ షావుకారు అతని వేళ్ళ మీద చెప్పుకాలు పెట్టాడు. చివరి బొమ్మలో కింద లోయ, మధ్యలో మనిషి. "ఇంకా ఉంది" అని చదివి దాలమ్మ పత్రిక మూసేసింది.

"ఇంకా ఉన్నాదంటే? లోయా, ఆడి ఆయుసా?" అని అత్త కేకేసింది.

"మావోడైతే ఎగిరిపోదుడు," అంది తవిటమ్మ.

"ఒసే, నా గుమ్మం ఎక్కకు మరి!"

"నీ రాగిసెంబు పడితే నాకేటి, సస్తే నాకేటి!" అని తవిటమ్మ చెంగు విదిలించుకుని వెళ్ళిపోయింది.

లక్ష్మీనరసమ్మ అరుగు మీద నిలవలేకపోయింది. తలమీద నీళ్ళు పోసుకుని, పసుపుగుడ్డ తీసుకుని, కోడలితో చెప్పకుండా ఊరి అమ్మవారి గుడికి నడిచింది. ఆపదలో ఉన్న మనిషి పేర ముడుపు కట్టి, పసుపు వేపాకు కలిపిన ముర్రాట నీళ్ళు అమ్మవారికి పోస్తే గండం గడుస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం.

"ఎవులి గురించప్పా?" అనడిగాడు పూజారి జోగయ్య.

"ఓ పిల్లోడు. కొండ మీంచి పడిపోనాడు."

"అయ్యో! ఏ ఇంటోడు?"

ఆమె ఆలోచనలో పడింది. ఇంటిపేరు చెప్పకపోతే ముడుపు పట్టదు. ఎవరికి చేర్చాలో అమ్మవారికి తెలియద్దూ? బొమ్మలకథలో ఇంటిపేరు రాయలేదు. దిక్కులేనివాణ్ని అలా వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"లెంకోరింటోడే అని కట్టీ. మా ఇంటిపేరే రాసీ."

"ఏ కొండ?"

"కొండేదైతేనేటి, మన రామతీర్తం కొండలాటిదే," అని ఆమె కళ్ళు ఒత్తుకుంది.

ఆ కళ్ళు చూశాక జోగయ్య ఇంకేమీ అడగలేదు. గుడి ముందు నుంచి వెళుతున్న గోగునార బండివాణ్ని ఆపి, "లెంకోరి పిల్లోడు రామతీర్తం కొండ మీంచి పడిపోనాడు, మిల్లు కాడ సెప్పు," అన్నాడు.

ఏడుస్తూ ముడుపు కట్టింది ఎర్రన్న తల్లి కాబట్టి పడింది ఎర్రన్నేనని ఊరు తేల్చేసింది. తొమ్మిదింటికి దాలమ్మ ఇంటికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. ముందుగా తవిటమ్మ గంజి కుండతో వచ్చి పొయ్యిలో నీళ్ళు పోసింది. పోయినవాళ్ళున్న ఇంట్లో పొయ్యి వెలగకూడదు, ఇరుగుపొరుగే వండి తేవాలి. దాలమ్మ పొయ్యి దగ్గరికి పరుగున వచ్చింది.

"ఏటయినాదప్పా? నా పొయ్యి ఎందుకార్పీసేవు?"

"ఏడీమ్మా, ఏడీ. లోపల దాసుకోకు."

"మిల్లులో ఏటైనా అయినాదా?"

"మిల్లులో కాదే పిచ్చిదానా. కొండ మీంచి పడిపోనాడట."

"గేటు కాడ నిల్సోమంటే కొండెందుకెక్కేడు!" అని దాలమ్మ చంటిదాన్ని చంకనేసుకుని పరుగు తీసింది. మొగుడు పోయాడన్న భయం ఒకటి, పేరు పిలిచేస్తారన్న భయం ఒకటి. ఏది ముందు పడాలో తెలియక రెండూ కలిపి పడింది.

గుడి మలుపులో పసుపునీళ్ళతో తడిసిన అత్త ఎదురైంది.

"అత్తా, మీ అబ్బాయి కొండ మీంచి పడిపోనాడట!"

"ఎవులన్నారే? పడింది రాగిముసుగోడు. ఆడికి మన ఇంటిపేరెట్టి ముడుపు కట్టించేను. జోగయ్య బండోడి సేత మిల్లుకి కబురు కూడా ఎట్టేడు."

దాలమ్మ అక్కడే ఆగి, ఏడుస్తూనే నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "మరి బండోడు మిల్లు కాడ ఏటి సెప్పుంటాడు?"

ఏం చెప్పాడో గేటు చూస్తే తెలిసింది. అక్కడ కాపలావాడు తప్ప మనిషి లేడు. లెంకవాళ్ళు ఆ ఊళ్ళో పద్దెనిమిది ఇళ్ళు. ఎవరో ఒకరు పడే ఉంటారని ఎర్రన్న పరిగెత్తాడట. అతని వెనక మిగతా ఇరవై ఇద్దరూ తాళ్ళు, మంచపు పట్టెలు పట్టుకుని పోయారట. పది కొట్టడం, చంద్రశేఖరంగారు కాగితంతో బయటికి రావడం ఒక్కసారే జరిగాయి.

"ఎక్కడయ్యా వీళ్ళంతా?"

"బాబూ, ఒక్క గంట ఆగండి బాబూ," అని దాలమ్మ చేతులు జోడించింది. "లెంక ఎర్రన్న మా ఇంటాయన. వచ్చీస్తాడు. పేరు కొట్టీకండి."

"ఒక్కడూ లేడేమిటి? ఎక్కడికి పోయారు?"

"కొండకెల్లేరు బాబూ, రాగిముసుగోడి కోసం," అంది లక్ష్మీనరసమ్మ గర్వంగా.

మన్యం కొండల గొడవలు పేపర్లో చదివినప్పటి నుంచి చంద్రశేఖరంగారికి కొండ అన్న మాట వింటేనే చెమట పట్టేది. ఆయన చేతిలో కాగితం కొంచెం కిందికి దిగింది.

"వాడెవడు?"

"పేరు ఎవులికీ తెల్దు. మొకం ఎవులూ సూడనేదు. ముసుగుంటాది."

"ఏం చేస్తాడు?"

"కూలోళ్ళ నోరు కొట్టినోళ్ళని తెల్లారీసరికి ఆళ్ళ గాదె గుంజకే కట్టీసి పోతాడు. మొన్న రెండోరాల కిందట ఒక షావుకారుకి మీసం సగం గొరిగీసేడు."

చంద్రశేఖరంగారి చెయ్యి మీసం మీదికి పోయింది. "పోలీసులకు చెప్పలేదా?"

"పోలీసులా! ఆళ్ళు ఆడికి దండం ఎడతారు."

"బాబూ, అది కత బాబూ, బొమ్మలకత," అంది దాలమ్మ గాభరాగా.

"నాకు కథలు చెప్పకమ్మా!" అని ఆయన కసిరి, మళ్ళీ పెద్దామె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "వీళ్ళందర్నీ ఎవరు పిలిచారు?"

"పిలవాలేటి బాబూ? ఆడు ఊరి కట్టానికి ఎల్తాడు, ఊరు ఆడి కట్టానికి ఎల్లదా? పడిపోనాడు గానీ సావడు. వొచ్చే లచ్చివారానికి లేస్తాడు."

"లక్ష్మీవారమా?"

"ఎప్పుడూ లచ్చివారమే వస్తాడు. తప్పడు."

యజమాని కాగితం మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. దాలమ్మ గేటు ఊచ పట్టుకుని కూలబడింది. నాలుగేళ్ళ భయం ఇవాళ నిజమైంది. ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదని ఏడ్చింది. చంటిది తల్లి మొహం చూసి తనూ అందుకుంది.

అరగంటకు గుమాస్తా వచ్చి గేటుకు కొత్త కాగితం అంటించాడు. దాలమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది. పైనుంచి మూడోది ఎర్రన్న పేరు. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఐదుగురివి కాదు, ఇరవై ముగ్గురివీ ఉన్నాయి. అందర్నీ పర్మినెంటు చేసినట్టు, బుధవారం సాయంత్రంలోగా వచ్చి పుస్తకంలో వేలిముద్ర వేయవలసిందని కింద ఉంది. బుధవారం అన్నచోట రెండు గీతలు గీసి ఉన్నాయి.

మధ్యాహ్నానికి ముళ్ళు గీరుకున్న కాళ్ళతో, ఖాళీ మంచపు పట్టెలతో ఎర్రన్నవాళ్ళు దిగి వచ్చారు. పేరు పిలిచేదాకా కదలకంటే కదిలిన మొగుణ్ని దాలమ్మ రెండు మాటలు తిట్టి, కాగితం చూపించింది. అతను దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఆమె అలవాటుగా మనుషులను లెక్కపెట్టింది. ఇరవై ఇద్దరే ఉన్నారు.

"ఎల్లాజీ రానన్నాడే," అన్నాడు ఎర్రన్న. "పడిన మనిసిని సూడకండా దిగితే ఆడి తల్లికి ఏటి మొకం సూపిస్తానని, అవతలి లోయలోకి దిగిపోనాడు."

ఆదివారం ఇద్దరు వెళ్ళి పిలిచారు, బదులు రాలేదు. అందుచేత రామతీర్థం కొండ అవతలి వైపుకు వెళ్ళేవారెవరైనా ఉంటే, తాడు పట్టుకుని పొదలు వెతుకుతున్న పొట్టి మనిషి కనిపిస్తే, బాగున్నాడో లేడో చూసి, పడింది బొమ్మలకథలోని మనిషని, తనకు ఉద్యోగం వచ్చిందని, బుధవారంలోగా వేలు తీసుకుని రమ్మని దయచేసి చెప్పండి.