రబ్బరు పడని మొగుడు

నవ్వాలంటే నవ్వండి. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

గిన్నెలు తోమమని మా ఆవిడ నా చేతికి రబ్బరు గ్లవ్స్ ఇచ్చిన రోజున మొదలైందిదంతా. ఒక్క గిన్నె తోమేసరికి నాకు జీవితం మీదే విరక్తి పుట్టింది. బాత్రూంలోకి వెళ్లి చేతులు ఎర్రబడేదాకా గోక్కుని వచ్చాను.

"నాకు రబ్బరు పడదే."

"అయితే ఉత్త చేతుల్తో తోమండి."

"ఈ చేతుల్తోనా?"

మా ఆవిడ నా వంక ఒకసారి చూసి, తనే తోముకుంది. ఏడాదిపాటు నా బతుకు హాయిగా వెళ్లిపోయింది. ఆ తర్వాత హెర్నియా వచ్చింది.

ఆసుపత్రిలో చేర్చుకుంటూ నర్సు, "ఏవైనా పడనివి ఉన్నాయా?" అనడిగింది.

"రబ్బరండీ! గ్లవ్స్ తగిలితే కందిపోతారు పాపం," అంది మా ఆవిడ.

కాదని అందామనుకున్నాను. పక్కనే మా ఆవిడ ఉందిగా, అవునని తల ఊపేశాను.

నర్సు నా మణికట్టుకి ఎర్ర పట్టీ కట్టేసింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. గ్లవ్స్ వేరేవి కావాలట, గొట్టాలు వేరేవి కావాలట. ఆపరేషన్ గదిలో గ్లవ్స్ నుంచి రబ్బరు పొడి చేరకముందే, పొద్దున్నే మొదటి ఆపరేషన్ నాదేనట. ఇంత మర్యాద నాకు పెళ్లిలో కూడా జరగలేదు. డాక్టరూ నర్సూ వెళ్లిపోతుంటే మా ఆవిడ వాళ్ల వెనకే వెళ్లింది.

పక్క మంచం మీద బట్టలు కుట్టే ఆవిడ ఉంది. పిత్తాశయంలో రాళ్లు. ఆవిడ మణికట్టుకీ ఎర్ర పట్టీయే.

"మీకూనా అన్నయ్యా?" అంది, సొంత మనిషి దొరికినట్టు. "కాన్పప్పుడు డాక్టరమ్మ గ్లవ్స్ తగిలి నాకు గొంతు మూసుకుపోయింది. ఊపిరాడలేదు. ప్రాణం పోయి వచ్చింది. నా బిడ్డ మొదటి ఏడుపు నేను వినలేదు."

నేను తల దించుకున్నాను.

"రేపు మొదటి ఆపరేషన్ నాదన్నారు. ఫర్వాలేదు, మీరే కానివ్వండి. ఈ నొప్పి ఇంకో రోజు ఓర్చుకుంటాను. ఆ బాధ మనకి తప్ప ఎవరికి తెలుసు?"

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"నాకు రబ్బరు పడుతుందమ్మా! గిన్నెలు తోమడమే పడదు!"

వార్డంతా నా వైపు తిరిగింది. అప్పుడే నర్సు కత్తెర పట్టుకుని లోపలికొచ్చింది.

"తెలుసండీ. మీ ఆవిడ వరండాలోనే చెప్పేశారు. రేపు మొదటిది ఈవిడదే. మీ పట్టీ తీసేద్దామని వచ్చాను."

వెనకాల మా ఆవిడ.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. అంతకు ముందు వారమేగా పిల్లదాని పుట్టినరోజుకి బెలూన్లన్నీ మీ నోటితో ఊదారు!"

"మరి ఏడాదిగా అనలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. కనీసం నర్సు ముందైనా చెప్తారనుకున్నాను," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కుట్టుపనావిడ నన్ను తిట్టలేదు, నవ్వలేదు. పట్టీ ఉన్న చేతిని మెల్లగా దుప్పట్లోకి లాక్కుంది. దానికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇద్దరి ఆపరేషన్లూ బాగానే జరిగాయి. కొన్నాళ్లకి ఆవిడ, గిన్నెలు తోమేటప్పుడు కట్టుకోమని నాకో ఏప్రన్ కుట్టి పంపింది. నూలు బట్ట అన్నయ్యకి తప్పకుండా పడుతుందని చెప్పమందట.

కట్టుకుని తోముతున్నాను. అడుగంటింది కూడా గీకమంటుంది మా ఆవిడ, గీకుతున్నాను. ఏప్రన్ నాడాలు ఎర్రవి. ముడి వేసుకున్నప్పుడల్లా కుట్టుపనావిడ మణికట్టే కళ్లముందు మెదులుతుంది.