పంచరు బాకీకి జవాబు దావా

న్యాయం అందరికీ ఒక్కటే. తేదీలే మనిషిని బట్టి మారుతుంటాయి. కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన పంచర్లు వేసుకునే ఎల్లస్వామికి ఈ సత్యం 1996లో సమన్ల ద్వారా తెలియజేయబడింది.

హైదరాబాదులోని ఒక పెద్ద బ్యాంకుకు అతడు క్రెడిట్ కార్డు బాకీ ఉన్నాడట. గడువులోగా జవాబియ్యకుంటే గాలి మిషన్ జప్తు. ఆ మిషన్ దడదడలాడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"గా కార్డు మీద ఏం కొన్నవయ్యా?" అని నిలదీసింది భార్య సోమమ్మ.

"కొననీకి ఏడ తీస్కుంటరే? కల్లు దుకాణంల చూపిస్తే, బస్సు పాసా అని అడిగిండ్రు."

నాలుగేళ్ల కింద టై కట్టిన బ్యాంకు ఆఫీసరు కారు ఈ దుకాణం ముందే పంచరైంది. చక్రం విప్పేలోగా ఆయన ఏదో కాగితం నింపి సంతకం పెట్టించుకున్నాడు. గుమ్మంలోకొచ్చిన మనిషి అడిగితే కాదనడం ఎల్లస్వామి వంశంలో లేదు. పంచరు పైసలు అడిగితే, "కార్డే ఇప్పిస్తున్నాం కదా" అని సెలవిచ్చి వెళ్లిపోయాడు. వచ్చిన కార్డుతో సోమమ్మ రొట్టెల పీటకంటిన పిండి గీకుతున్నది. (కార్డు వాడకుండా ఉంచుకోవడమూ ఒక సేవేనట. దానికి ఏటా రుసుము, రుసుముకు వడ్డీ, వడ్డీ కట్టనందుకు జరిమానా.)

"జవాబు దావాల ఏం రాయాల్నమ్మా?" అని సోమమ్మనే అడిగాడు వకీలు ఖమర్ సాబ్.

"గా సారు పంచరు పైసలు ఇయ్యలేదని రాయుండ్రి. వాళ్ల వడ్డీ, వాళ్ల జరిమానా మన బాకీకి సుత కట్టుండ్రి, వకీల్ సాబ్."

లెక్క కట్టేసరికి పంచరు బాకీ కొత్త టైరు ఖరీదంత అయింది.

జడ్జిగారు అంతా చదివి, కళ్లద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పారు. పంచరు వేసి మూడేళ్లు దాటింది గనుక ఆ బాకీ చెల్లదు. కార్డు తిప్పి పంపలేదు గనుక బ్యాంకు బాకీ ఏటేటా కొత్తగా పుట్టినట్టే, అది చెల్లుతుంది.

"గట్లెట్ల సార్? ఒక్క పూటల పుట్టిన కవలలు గదా! ఒకడు ముసలోడు, ఇంకొకడు పసిపోరడా?" అన్నది సోమమ్మ.

ప్రశ్నలు రాతపూర్వకంగా దాఖలు చేసుకొమ్మన్నారు.

చేతిపనివాళ్ల పనిముట్లు జప్తు చేయరాదు కదా అని ఖమర్ సాబ్ మనవి చేశాడు. మిషన్ కరెంటుతో నడుస్తుంది గనుక అది చేతిపని కిందికి రాదని తేలింది.

కోర్టు అమీనా జీపులో వచ్చాడు. మిషన్‌నూ, దాని బంధువుగా గాలి కొట్టే చేతిపంపునూ ఎక్కించి, బయల్దేరబోతే వెనక టైరు నేలకంటుకుని ఉంది. (సోమమ్మ పొద్దున్నుంచి అటువైపు పోలేదు. ఎవరూ అడగకముందే చెప్పింది.) స్టెప్నీ మంజూరు కావలసి ఉంది.

"ఎల్లస్వామీ, జర గాలి కొట్టు."

"మిషన్ దించాలె సార్."

"జప్తు సొత్తు దించరాదు. కోర్టు పర్మిషన్ కావాలె."

"అయితే అర్జీ పెట్టుకోండ్రి సార్," అన్నది సోమమ్మ. "గందాక జీపు ఈడ్నే ఉంటది. జాగా కిరాయి పడ్తది."

అర్జీ పెట్టారు. వాయిదా వచ్చే నెలకు పడింది. బస్సెక్కబోతూ అమీనా, జాగా కిరాయికి చిల్లర లేదన్నాడు.

సోమమ్మ కాగితం చాపింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, సంతకం పెట్టిపోండ్రి సాలు. ఏటేటా కొత్తగా పుడ్తది."